మారీచుని కేక - జటాయువు గాయము

శ్రీమతే రామానుజాయ నమః



శ్రీమద్రామాయణమున అరణ్యకాండము మిగుల శోకభరితమైనది. ఆ కాండమున రెండు ఆర్తధ్వనులు మనకు వినవచ్చును. మొదటిది మాయలేడి రూపమున వచ్చిన మారీచుడు నేలగూలుచు వేసిన కేక. రెండవది రెక్కలు తెగి నేలబడిన జటాయువు కడపటి ఊపిరితో పలికిన పలుకు. మొదటిది బిగ్గరగా నున్నది, కాని అబద్ధము. రెండవది హీనస్వరముతో నున్నది, కాని సత్యము. అబద్ధమైన దానిని వెంటనే నమ్మిరి. సత్యమైన దానిని పలుకువానిని మొదట శంకించిరి. ఇట్లేల జరిగెను? ఈ ప్రశ్నను నేటి లోకమునందలి యొక వ్యవహారముతో కలిపి విచారించుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

కొంతకాలము క్రిందట తిరుమలలో స్వామి దర్శనానంతరము ఒక వృద్ధ గృహస్థుతో మాటలాడు భాగ్యము నాకు కలిగినది. ఆయన ఉపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు. నిత్యము తిరువారాధనము చేసికొను కుటుంబము. కుమారుడు, కోడలు, మనుమడు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ చేరువనే నివసించుచున్నారు. ఆయన వారియొద్దకు పోయి కొన్ని నెలలుండి, టివిడేల్‌లో వెలసియున్న శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయమును పలుమారులు సేవించుకొని వచ్చిరి. ఆ విశేషములన్నియు సంతోషముతో చెప్పుచు చెప్పుచు, ఉన్నట్టుండి ఆయన స్వరము తగ్గినది. "ఒక సందేహము నన్ను బాధించుచున్నది. మీరు తీర్చవలెను" అనిరి.

ఆయన అక్కడ నున్న దినములలో ఒక మధ్యాహ్నము ఇంటి టెలిఫోను మ్రోగినదట. కుమారుడు అందుకొనెను. అవతలి కంఠము మిక్కిలి మృదువుగా, "గడచిన మూడు సంవత్సరములలో, మీ తప్పేమియు లేకుండ, మీకేదైన ప్రమాదము జరిగినదా?" అని అడిగినది. ప్రమాదము జరిగిన మాట నిజమే. కొన్ని నెలల క్రిందట కూడలిలో దీపము కొరకు ఆగియున్న వీరి కారును వెనుకనుండి మరియొక కారు తాకినది. వెనుక రేకు కొంచెము నొక్కుకొనగా ఇన్సూరెన్సువారు బాగుచేయించి ఇచ్చిరి. అంతటితో అందరును దానిని మరచిరి. ఆ మాట చెప్పగనే ఆ కంఠమునకు ఉత్సాహము హెచ్చినది. "మెడ నొప్పి రాలేదా? ఒక్క దినమైనను? కారులో ఇంకెవరుండిరి? మీ భార్య ఉన్నదా? బిడ్డ ఉన్నాడా? వారికిని నొప్పి యుండవచ్చునే! మీరు ఒక్క కాసు ఖర్చుపెట్ట నక్కరలేదు. అన్నియు మేమే చూచుకొందుము" అని పలికినది. కుమారుడు ఆలోచించి చెప్పెదనని ఫోను పెట్టివేసెను.

రాత్రి భోజనముల వేళ ఆ ప్రసంగము వచ్చినది. కోడలు, "మామయ్యగారూ! ఇక్కడ చాలమంది ఇట్లే చేయుచున్నారట. ఆ సొమ్ము కంపెనీది, ఎవరి ఇంటిదియు కాదు. ఆలోచించి చూడగా, ఆనాడు నా మెడ కొంచెము పట్టినట్లే యున్నది" అన్నది. అప్పుడీ పెద్దాయన, "అమ్మా! ఆనాడు పట్టినదా, నేడీ మాట విన్న తరువాత పట్టినదా?" అని అడిగిరట. ఆ బిడ్డ నవ్వినది. పిదప నవ్వు మాని తల వంచుకొన్నది. ఆ వ్యవహారము అంతటితో నిలిచిపోయినది.

"కాని నాకు నిద్ర పట్టలేదు" అని ఆయన నాతో ననిరి. "నిజముగనే ఆమెకు నొప్పి యుండినయెడల నేనేమి చేసితిని? ధర్మము చెప్పుచున్నానను గర్వముతో ఒక బాధితురాలి నోరు నొక్కితినా?"

మహాశయులారా! ఈ ప్రశ్న సామాన్యమైనది కాదు. దీనికి సమాధానము చెప్పుటకు ముందు ఆ ఫోను వెనుకనున్న వ్యాపారమును కొంత తెలిసికొనవలెను.

ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలో శరీరమునకు గాయమైనవారు సామాన్యముగా మూడు సంవత్సరములలోపల దావా వేయవలెను. ఆ కంఠము మూడు సంవత్సరముల మాట ఎత్తుటకు కారణమిదియే. ఫోను చేయువాడు తరచుగా వకీలు కాడు, వైద్యుడును కాడు. అతడు దళారి. ప్రమాదమునకు లోనైనవారి పేర్లను పోగుచేసి వ్యాజ్యములు నడుపువారికి అందించుట అతని వృత్తి. ఇట్లు పేరందించినందుకు రుసుము పుచ్చుకొనుటను అచ్చటి ప్రభుత్వము చట్టము చేసి 2013 ఏప్రిల్ 1 నుండి నిషేధించినది. అయినను ఫోనులు ఆగలేదు. 2018 సెప్టెంబరు 8 నుండి, మనము ముందుగా సమ్మతింపనిదే ఇట్టి దావాల కొరకు ఫోను చేయుటయే చట్టవిరుద్ధమైనది. ఆ సంవత్సరము డిసెంబరు నుండి సంస్థల డైరెక్టర్లపై వ్యక్తిగతముగా 5 లక్షల పౌండ్ల వరకు జరిమానా విధించు అధికారము ఏర్పడినది. అయినను ఆ కంఠములు పూర్తిగా మూగపోలేదు.

మన సంగతి వారికెట్లు తెలియును? కొన్ని వేళల వారికేమియు తెలియదు. వేలకొలది ఇండ్లకు అదే ప్రశ్న వేయుదురు. చీకటిలో విసరిన వలలో ఏదో యొక చేప పడకపోదు. కొన్ని వేళల దొంగతనముగా తెలిసికొందురు. కార్ల మరమ్మతు సంస్థలో పనిచేసిన ఒక ఉద్యోగి, తోటివారి ప్రవేశ సంకేతములను వాడి వేలాది ఖాతాదారుల వివరములను చూచినందుకు 2018 నవంబరులో ఆ దేశపు న్యాయస్థానము ఆరు నెలల కారాగారశిక్ష విధించినది. ఆ ఖాతాదారులకు వేధించు ఫోనులు వచ్చుచుండుటచేతనే ఆ గుట్టు బయటపడినది.

ఇక ఆ కంఠము మెడనొప్పినే ఏల వెదకును? కాలు విరిగినచో ఎక్స్‌రే చూపును. చర్మము చీలినచో కన్ను చూచును. కారు కుదుపునకు మెడ కొరడావలె ముందునకు వెనుకకు విసరబడి, నరములు కండరములు బెణకుట యొకటి గలదు. దానిని అచ్చట విప్‌లాష్ అందురు. అది నిజముగా కలిగినవారికి మిక్కిలి బాధాకరమైనది. కాని తరచుగా ఏ చిత్రమునందును అది కానరాదు. అనుభవించువాని నోటిమాటయే దానికి ముఖ్యసాక్ష్యము. వైద్యుడు కూడ "ఇచ్చట నొప్పియా?" అని అడిగి రోగి చెప్పినదానిని వ్రాసికొనవలసినదే. అనగా ఆ విషయమున మనుష్యునకును పరమాత్మకును తప్ప మూడవవానికి సత్యము తెలియదు.

సర్వాంతర్యామి హృదయమునందు సాక్షిగా నున్నాడని మనము ప్రతిదినము చెప్పుకొనుచున్నాము. ఆలయమున నిలిచి ఆ మాట చెప్పుట సులభము. ఎవ్వరును కనిపెట్టలేని చోట, అబద్ధమునకు రొక్కము లభించు చోట, ఆ సాక్షిని తలచుకొనుటయే కష్టము. మెడనొప్పి యున్నదా లేదా యని ఫోనులో ఒక అపరిచితుడు అడిగిన క్షణమున మన వైష్ణవత్వము పరీక్షకు నిలుచుచున్నది.

ఇప్పుడు మారీచుని స్మరింతము. ఆ రాక్షసుని కేకయందలి కపటమును జాగ్రత్తగా గమనింపుడు. అతడు గాయపడని వాడా? కాదు. శ్రీరామబాణము అతని గుండెలో దిగినది. గాయము నిజము, బాధ నిజము, మరణము నిజము. అబద్ధమైనది కంఠమొక్కటియే. తన బాధను తన స్వరముతో చెప్పక, శ్రీరాముని స్వరమును తెచ్చుకొని సీతను, లక్ష్మణుని పిలిచెను. అట్లే ఆ కూడలిలో కారు తాకుట నిజము. దానిపై పరాయి స్వరమున పలికింప జూచిన నొప్పి మాత్రము అబద్ధము. పూర్తిగా కల్పించిన అసత్యముకంటె, నిజమును పునాదిగా చేసికొని లేచిన అసత్యము ఎక్కువగా మోసగించును. ఏలయన చెప్పువాడు తన్ను తానే నమ్మించుకొనగలడు.

ఆ కేకను విని లోకమాత మానుషభావము వహించి కలతపడినది. లక్ష్మణస్వామి మాత్రము చలింపలేదు. ఆయనకు అన్నగారి స్వభావము తెలియును. ఆ దీనాలాపము అన్నగారి నోట రాదని ఆయన గుర్తించెను. అట్లే తన దేహమును, తన మనస్సును ఎరిగియున్నవాడు, దూరమునుండి ఒక కంఠము "నీకు నొప్పి యున్నది" అని చెప్పినపుడు, "ఇది నా స్వరము కాదు" అని గుర్తింపగలడు. ఎరుగనివానికి ఆ మాట విన్న తరువాత మెడ పట్టినట్లే తోచును.

కోడలు చెప్పిన మరియొక మాటను కూడ విచారింపవలెను. "ఆ సొమ్ము కంపెనీది" అని ఆమె అన్నది. బ్రిటనులో 1930 నాటి చట్టము మొదలుకొని రహదారిపై మోటారు నడుపువారు ఇతరులకు కలుగు హానికి బీమా చేయించుట తప్పనిసరి. రాత్రివేళ ఆసుపత్రి పనికి పోవు నర్సు, టాక్సీ నడిపి బిడ్డలను పోషించుకొను గృహస్థు, వృద్ధదంపతులు, అందరును సంవత్సరమునకింతయని చెల్లించినదే ఆ నిధి. కంపెనీ దానికి కావలి. భాగవతమున నృగమహారాజు కథ మన మెరుగుదుము. ఒక బ్రాహ్మణునకు ధారపోసిన గోవు మందలో కలిసిపోగా, తెలియక మరియొకనికి దానమిచ్చినందుకే అంతటి దాత ఊసరవెల్లియై నూతిలో పడియుండెను. తెలియక చేసిన దానికే అంత ఫలమైనచో, తెలిసి పలువురి సొమ్మును పుచ్చుకొనుటను గూర్చి వేరుగ చెప్పవలయునా?

అయినను, సొమ్ము పోవుట ఇందలి నష్టములలో చిన్నది. పెద్ద నష్టము జటాయువు కథలో నున్నది.

సీతను వెదకుచు వచ్చిన శ్రీరామునకు రక్తసిక్తమై నేలబడియున్న ఆ పక్షిరాజు కనబడెను. అప్పుడు స్వామి ఏమనుకొనెను? వాల్మీకిమహర్షి దాచక చెప్పెను. ఇది పక్షిరూపమున నున్న రాక్షసుడనియు, సీతను భక్షించి ఇచ్చట పడియున్నాడనియు శంకించి స్వామి బాణము సంధించెను! సీతకొరకై ప్రాణమొడ్డి పోరాడినవాడు, తండ్రికి మిత్రుడు, ఆ దేహముపై నున్న రక్తమంతయు సీతకొరకు చిందినదే. అట్టివాని గాయమే అతనిపై అనుమానమునకు కారణమైనది. ఏలయన ఆ దినముననే ఒక మృగము మృగము కాకపోయెను, ఒక కేక కేక కాకపోయెను. ఒక కపటరూపమును చూచిన కన్ను నిజరూపమును కూడ శంకించును. మారీచుడు చేసిన అపచారములలో ఇది కూడ చేర్చదగినది. అబద్ధపు ఆర్తనాదము నిజమైన ఆర్తునిపై బాణమెక్కుపెట్టించినది.

నేడు జరిగినదియు ఇదియే. మెడనొప్పి దావాలు మితిమీరిపోగా, బ్రిటిషు పార్లమెంటు 2018లో ఒక చట్టము చేసెను. దానిననుసరించి 2021 మే 31 నుండి ఇంగ్లండు, వేల్సులలో కారు ప్రమాదమువలన మెడ బెణికి మూడు నెలలలోపల నయమైనవారికి లభించు పరిహారము 240 పౌండ్లుగా నిర్ణయింపబడినది. పూర్వము న్యాయస్థానములు ఇట్టి గాయములకు ఇంతకంటె ఎక్కువ మొత్తములను ఇచ్చుచుండెడివి. 2025 మే 31 తరువాతి ప్రమాదములకు ఆ మొత్తమును 275 పౌండ్లకు పెంచిరి. అబద్ధమాడినవారు సొమ్ము పుచ్చుకొని పోయిరి. తగ్గిన పరిహారము మాత్రము, నిజముగా మెడ తిప్పలేక, బిడ్డను ఎత్తుకొనలేక, పనికి పోలేక బాధపడు తల్లి చేతికి వచ్చినది. ఆమె తన బాధను చెప్పునపుడు వినువాని కన్నులలో అనుమానము కనబడుటయు ఆమెకే మిగిలినది. ఆమెయే మన జటాయువు.

అబద్ధము తన యజమానిని కూడ విడిచిపెట్టదు. అచ్చట 2015లో వచ్చిన చట్టములో ఒక నియమము గలదు. దావా వేసినవాడు మూలమునందే కపటముగా వ్యవహరించెనని తేలినచో, అతనికి తీవ్రమైన అన్యాయము కలుగునన్న సందర్భమున తప్ప, న్యాయస్థానము దావానంతటిని కొట్టివేయవలెను. అనగా అతనికి నిజముగా కలిగిన గాయమునకు రావలసిన పరిహారము కూడ పోవును. పదిపాళ్ల పాలలో ఒక చుక్క విషము కలిపినవాడు కుండనంతటిని పారబోసికొనవలసినదే. విహారయాత్రలో తిన్న ఆహారము వలన కడుపునొప్పి వచ్చెనని బిడ్డల పేరట కూడ అబద్ధపు దావా వేసినందుకు 2017లో ఇరువురికి కారాగారశిక్ష పడినది. బిడ్డకు లేని నొప్పిని ఉన్నదని చెప్పుమని నేర్పిన ఇంట, ఆ బిడ్డ రేపు నిజము చెప్పినను ఎవరు నమ్ముదురు?

మన దేశమున కూడ ఇట్టి దోషము లేకపోలేదు. మోటారు ప్రమాదముల ట్రిబ్యునళ్లలో దాఖలైన కపట దావాలను విచారించుటకు అలహాబాదు హైకోర్టు 2015లో ప్రత్యేక దర్యాప్తు బృందమును ఏర్పరచవలసివచ్చినది. కావున దీనిని పరదేశపు ముచ్చటగా చదివి విడువరాదు.

ఇక వృద్ధగృహస్థుని ప్రశ్నకు వత్తము. నిజముగా బాధ కలిగినవాడు పరిహారము కోరుట దోషమా? ఎంతమాత్రమును కాదు. జటాయువు తన గాయమును దాచుకొనెనా? లేదు. రావణునితో పోరిన విధమును, రథమును విరిచిన విధమును, తన రెక్కలు తెగిన విధమును, సీతను దక్షిణదిశగా కొనిపోయిన విధమును స్వామికి విన్నవించెను. ఉన్నదానిని ఉన్నంతవరకు, వినవలసినవానికి చెప్పెను. ఆ సత్యమును విన్నంతనే స్వామి విల్లును విడిచి, ఆ పక్షిని కౌగిలించుకొని విలపించెను. తండ్రికి చేయదగిన సంస్కారమును తన చేతులతో చేసి ఉత్తమలోకములను అనుగ్రహించెను. కాంచీపుర సమీపమున తిరుప్పుట్కుళి దివ్యదేశమున విజయరాఘవస్వామి ఆ కరుణను నేటికిని చాటుచున్నాడు. మన లేపాక్షిలో "లే పక్షీ" యని స్వామి పిలిచిన చోటిదేయని పెద్దలు చెప్పుకొందురు. గాయము సిగ్గుపడదగినది కాదు. దానిని విన్నవించుట అధర్మము కాదు. వైష్ణవుడు బాధను మ్రింగి నోరు మూసికొనవలెనని ఏ ఆచార్యుడును చెప్పలేదు.

అయితే క్రమము గమనింపవలెను. ధర్మమార్గమున మొదట నొప్పి, పిదప వైద్యుడు, తరువాత వకీలు, కట్టకడపట ద్రవ్యము. ఆ కంఠము చూపు మార్గమున మొదట ద్రవ్యము, పిదప వకీలు, తరువాత వైద్యుడు, కట్టకడపట "నొప్పి యెచ్చట?" యని వెదకుట. నీవు ఏ క్రమమున నడచుచున్నావో పరీక్షించుకొనుము. అదియే గీటురాయి.

గృహస్థులకు ఆచరణలో కొన్ని మాటలు. అట్టి ఫోను వచ్చినపుడు వాదింపవలదు, వివరములు చెప్పవలదు, ఏ అంకెను నొక్కవలదు, మర్యాదగా పెట్టివేయుడు. అవతల మాటలాడునది జీతము కొరకు కూర్చున్న యొక యువకుడో యువతియో కావచ్చును, శపింపవలదు. బ్రిటనులో నున్నవారు తమ సంఖ్యను టెలిఫోను ప్రిఫరెన్సు సర్వీసునందు ఉచితముగా నమోదు చేసికొనవచ్చును. సమాచార కమిషనరు కార్యాలయమునకు ఫిర్యాదు చేయవచ్చును. మన దేశమున వేధించు వ్యాపార ఫోనులను ఆపుటకు 1909 సంఖ్య గలదు. నిజముగా దెబ్బ తగిలినచో ఆనాడే వైద్యుని చూడుడు. వకీలును మీరే ఎన్నుకొనుడు. ఇంగ్లండు, వేల్సులలో చిన్న మోటారు గాయములకు వకీలు లేకుండగనే రుసుము చెల్లింపక స్వయముగా దావా వేసికొను మార్గము 2021 నుండి ఏర్పడియున్నది.

నేను ఆ పెద్దాయనతో, "మీరు అడిగిన ప్రశ్న సరియైనదే, కాని సగమే అడిగితిరి. 'నిజముగా నొప్పి యున్నచో రేపే వైద్యుని యొద్దకు పోదము, నేనును వత్తును' అను రెండవ సగము మిగిలిపోయినది" అని విన్నవించితిని. ఆయన తల ఊపి వెడలిపోయిరి. మరునాడు సుప్రభాత సమయమున మరల కనబడిరి. రాత్రియే కొండమీదనుండి కోడలికి ఫోను చేసిరట. "అమ్మా! ఆనాడు నిజముగా నొప్పి యుండెనా? నాకు భయపడి చెప్పలేదా?" అని అడుగగా, ఆ బిడ్డ కొంతసేపు మాటలాడలేదట. పిదప, "నొప్పి లేదు మామయ్యగారూ. ఆ నెలలో ఇంటి అద్దె పెరిగినది. ఎవరికి చెప్పుకొనవలెనో తెలియక ఆ మాట అంటిని" అన్నదట.

"అసలు గాయము మెడలో లేదండీ, అది వేరొక చోట నున్నది. ఇంటిలో నుండియు నేను చూడలేదు" అని చెప్పుచు ఆయన కన్నులు తుడుచుకొనిరి.

మహాశయులారా! పరాయి కంఠము మన ఇంటికి ఫోను చేసి "నీకు నొప్పి యున్నదా?" అని అడుగుటకు ముందే, ఇంటివారము ఒకరినొకరము ఆ ప్రశ్న అడుగుకొందుము గాక! అడిగినపుడు ఉన్నదానిని ఉన్నట్లు చెప్పు ధైర్యమును, విన్నపుడు శంకింపక అక్కున చేర్చుకొను హృదయమును, జటాయువును కౌగిలించుకొనిన ఆ శ్రీరామచంద్రుడే, ఏడుకొండలపై వెలసిన శ్రీనివాసుడే మనకెల్లరకు అనుగ్రహించు గాక!

సర్వే జనాః సుఖినో భవంతు.